డ్రాగ్ రేసు కారుకు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్: ఎంపిక, పరిరక్షణ – ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పావు మైలు దూరాన్ని పది పదకొండు సెకన్లలో దాటే డ్రాగ్ రేసు కారులో ఇంజను శక్తి నేలకు చేరాలంటే ట్రాన్స్‌మిషన్ గుండానే చేరాలి. ఏ ట్రాన్స్‌మిషన్ అన్నిటికంటె దృఢమైనదన్న ప్రశ్నతోనే సాధారణంగా ఎంపిక మొదలవుతుంది. కారు బరువు, టైరు పట్టు, ఇంజను టార్కు అనే మూడింటితో గేరు నిష్పత్తులూ టార్క్ కన్వర్టరూ ఎంతవరకు పొసగుతున్నాయన్న ప్రశ్న దానికంటె ముందు వేసుకోవలసినది. అమెరికా డ్రాగ్ రేసులలో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న పవర్‌గ్లైడ్, టర్బో హైడ్రామాటిక్ 400, టార్క్‌ఫ్లైట్ 727 ట్రాన్స్‌మిషన్లను ఉదాహరణలుగా తీసుకొని ఈ వ్యాసం ఆ పొందికను లెక్కలతో వివరిస్తుంది. ఎంపికకు ఆధారమైన గేరు నిష్పత్తులే ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో కూడా తెలుపుతాయని నిరూపించడం దీని ప్రధానోద్దేశం.

కీలక పదాలు: డ్రాగ్ రేసు, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, టార్క్ కన్వర్టర్, స్టాల్ వేగం, గేరు నిష్పత్తి, ట్రాన్స్‌బ్రేక్, ఏకదిశా క్లచ్.

1. ఉపోద్ఘాతం:

రెండు కార్లు పక్కపక్కన నిలుస్తాయి. మధ్యనున్న దీపస్తంభంలో పసుపు దీపాల తరువాత ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. తిన్నని బాటపై 1,320 అడుగుల దూరం, అంటే సుమారు 402 మీటర్లు, ముందుగా దాటినవారు గెలుస్తారు. డ్రాగ్ రేసు స్వరూపం ఇంతే. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ (ఎన్‌హెచ్‌ఆర్‌ఏ) అమెరికాలో ఈ క్రీడకు నియమావళిని ఏర్పరచి, వీధుల్లో సాగుతున్న పందేలను బాటలపైకి తెచ్చింది.

ఈ క్రీడాచరిత్రలో ట్రాన్స్‌మిషన్ గురించి మాట్లాడేవారెవరూ విస్మరించలేని తేదీ 1970 మార్చి 8. ఆనాడు కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో ప్రఖ్యాత చోదకుడు డాన్ గార్లిట్స్ కారు బయలుదేరుతుండగానే దానిలోని రెండు గేర్ల ట్రాన్స్‌మిషన్ పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. కోలుకున్న తరువాత ఆయన ఇంజనును చోదకుని వెనుకకు మార్చిన కారును నిర్మించి 1971లో దానితో విజయాలు సాధించారు. తరువాతి కాలంలో అత్యంత వేగవంతమైన డ్రాగ్‌స్టర్లన్నీ ఆ నమూనానే అనుసరించాయి. పేలిన ఆ పరికరం పూర్తి అర్థంలో ఆటోమేటిక్ కాదు. అయితే దానిలోనూ తిరిగినవి గ్రహచక్రాలే. ఇంజను ముందుండే సాధారణ కార్లలో ఈనాటికీ చోదకుని పాదాలకు ఆనుకొనే ట్రాన్స్‌మిషన్ ఉంటుంది కనుక ఆ ఘటన పాతబడిపోలేదు.

ఇక్కడ పదాల విషయంలో ఒక స్పష్టత అవసరం. మన రోడ్లపై ‘ఆటోమేటిక్’ అని పిలిచే చిన్న కార్లలో అనేకం ఏఎంటీ రకానివి. వాటిలో మామూలు గేర్‌బాక్సే ఉంటుంది. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే పనులను యంత్రం చేస్తుంది. ఈ వ్యాసంలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ అంటే నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టరు, దాని వెనుక గ్రహచక్ర కూటమి, ఆ కూటమిలోని భాగాలను పట్టుకొని వదిలే క్లచ్‌లు, బ్యాండ్లు ఉన్న యంత్రం మాత్రమే. గ్రహచక్ర కూటమిలో నడుమ సన్ గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న పళ్ళచక్రాలు, వాటిని మోసే క్యారియర్, అన్నిటినీ చుట్టిన రింగ్ గేరు ఉంటాయి. వీటిలో ఏది కదలకుండా ఆపుతున్నామన్న దానిని బట్టి గేరు మారుతుంది.

2. చారిత్రక నేపథ్యం:

జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్‌ను ప్రవేశపెట్టింది. తొలినాళ్ళలో రేసు చోదకులు ఆటోమేటిక్‌ను సోమరుల సాధనంగా చూశారు. ఆ అభిప్రాయాన్ని మార్చినవారిలో 1950లలో హైడ్రామాటిక్‌లను రేసుకు అనువుగా సవరించిన బీ అండ్ ఎం సంస్థ ముఖ్యమైనది. తరువాత 1962–64 నడుమ మాక్స్ వెడ్జ్ ఇంజనుకు మీటలతో నడిచే టార్క్‌ఫ్లైట్‌ను జతచేసిన డాడ్జ్, ప్లిమత్ కార్లు చేతి గేర్ల కార్లకు దీటుగా నిలిచాయి. చేతితో గేరు మార్చేటప్పుడు ఇంజను శక్తి చక్రాలకు క్షణకాలం అందదు. ఆటోమేటిక్‌లో ఆ విరామం దాదాపు ఉండదు. పైగా మనిషి చేయి చేసే పొరపాటుకు అవకాశం తగ్గుతుంది.

నేడు అన్నిటికంటె వేగవంతమైన టాప్ ఫ్యూయెల్ కార్లలో గేర్లే ఉండవు. జారే క్లచ్ ద్వారా ఇంజను నేరుగా వెనుక ఇరుసును నడుపుతుంది. ఆటోమేటిక్‌ది వేరే రాజ్యం. 8.90, 9.90, 10.90 సెకన్ల నిర్ణీత కాలాలకు దగ్గరగా పరుగెత్తవలసిన తరగతుల్లోను, తన కారు కాలాన్ని చోదకుడే ముందుగా ప్రకటించి దానికంటె త్వరగా చేరకుండా పోటీపడే బ్రాకెట్ రేసులోను అది రాజ్యమేలుతుంది. అక్కడ పరుగు పరుగుకూ తేడా రాకపోవడమే వేగంకంటె విలువైన గుణం. గంటకు 130 మైళ్ళ (209 కిలోమీటర్ల) వేగంతో గీత దాటే కారు సెకనుకు 58 మీటర్లు పోతుంది. సెకనులో వందో వంతు తేడా అంటే గీత వద్ద 58 సెంటీమీటర్లు. ఇంత దూరం గెలుపోటములను తేల్చడానికి చాలు.

3. గేరు నిష్పత్తుల తర్కం:

షెవ్రొలే 1950 నుంచి 1973 వరకు తయారుచేసిన పవర్‌గ్లైడ్‌లో రెండే గేర్లు. మొదటి గేరు నిష్పత్తి 1.76 లేదా 1.82, రెండవది 1.00. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400లో మూడు: 2.48, 1.48, 1.00. క్రైస్లర్ వారి టార్క్‌ఫ్లైట్ 727లో 2.45, 1.45, 1.00. ఫోర్డ్ సీ4, సీ6 రెండింటిలోనూ 2.46, 1.46, 1.00. మూడు గేర్లవన్నీ నిష్పత్తులలో దాదాపు ఒక్కటే. వాటిలో వాటికి తేడా బరువులోను, దృఢత్వంలోను, విడిభాగాల లభ్యతలోను ఉంది. కాబట్టి అసలు ఎంపిక రెండు గేర్లా, మూడు గేర్లా అన్నదే.

ఉదాహరణకు చోదకునితో కలిపి 1,350 కిలోల బరువు, సుమారు 500 అశ్వశక్తి, 600 న్యూటన్-మీటర్ల టార్కు, 28 అంగుళాల వ్యాసం గల వెనుక టైర్లు ఉన్న ఒక కారును ఊహిద్దాం. టర్బో 400కు 4.10 ఇరుసు నిష్పత్తి జోడిస్తే మొదటి గేరులో మొత్తం గుణకం 10.17. చక్రం నేలను నెట్టే బలం సుమారు 17 కిలోన్యూటన్లు. కన్వర్టరు టార్కును పెంచడాన్ని ఇందులో కలపలేదు. కారు బరువు 13.2 కిలోన్యూటన్లే. అంటే మొత్తం బరువు వెనుక టైర్లపైనే పడినా అంతకుమించిన బలంతో యంత్రం వాటిని తిప్పజూస్తున్నది. వెడల్పైన మెత్తని స్లిక్ టైర్లు, బాగా జిగురు పట్టిన బాట ఉంటే దానిలో ఎక్కువ భాగం పనికొస్తుంది. లేకుంటే పొగ మిగులుతుంది. అదే కారుకు 1.76 పవర్‌గ్లైడ్, 4.56 ఇరుసు పెడితే గుణకం 8.03, బలం 13.5 కిలోన్యూటన్లు. టైరు మోయగలిగిన మేరకు దగ్గరగా వచ్చాం.

తేలికైన కారు, బలమైన ఇంజను, పరిమితమైన టైరు ఉన్నచోట పవర్‌గ్లైడ్‌ను ఎంచుకోవడం వెనుక ఉన్న తర్కమిది. బలహీనత వల్ల వచ్చిన మేలు అనవచ్చు. దానికితోడు తిరిగే భాగాల బరువు తక్కువ. గేరు మారడం ఒక్కసారే. మార్పు ఒక్కటే కనుక తేడా వచ్చే అవకాశం కూడా ఒక్కచోటే. ఇందుకు విరుద్ధంగా 1,600 కిలోలకు పైబడిన వీధి కారులో, తక్కువ టార్కు గల ఇంజనుతో, రెండు గేర్లు పెట్టడం అవివేకం. ఆ కారు కదలడానికి మూడు గేర్ల తొలి నిష్పత్తి అవసరమవుతుంది.

రెండు గేర్లకు చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. 7,000 ఆర్‌పీఎం వద్ద గేరు మారిస్తే పవర్‌గ్లైడ్‌లో గేర్ల లెక్క ప్రకారం వేగం 3,977కు పడిపోవాలి. టర్బో 400లో మొదటి మార్పు వద్ద 4,177కు, రెండవ మార్పు వద్ద 4,730కి పడుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలోనే శక్తినిచ్చే ఇంజనుకు పవర్‌గ్లైడ్‌లోని పతనం పెద్ద దెబ్బ. ఆ దెబ్బను కన్వర్టరు కాస్తుంది. అది జారుతూ ఇంజనును 5,000కు అటూ ఇటూ నిలుపుతుంది. కాబట్టి పవర్‌గ్లైడ్‌ను ఎంచుకోవడమంటే ఎక్కువ జారే కన్వర్టరును, దానితోపాటు వచ్చే వేడినీ ఎంచుకోవడమే. ట్రాన్స్‌మిషన్ కొన్నాక మిగిలిన డబ్బుతో కన్వర్టరు కొనే అలవాటు ఈ కారణంగానే చేటు తెస్తుంది. రెంటినీ ఒకే నిర్ణయంగా చూడాలి.

పవర్‌గ్లైడ్ ఉత్పత్తి ఆగి యాభై ఏళ్ళు దాటినా ఇన్‌పుట్ షాఫ్ట్ మొదలు బయటి పెట్టె వరకు ప్రతి భాగాన్నీ వేర్వేరు సంస్థలు నేటికీ కొత్తగా తయారుచేస్తున్నాయి. రేసు బాటలో కనిపించే పవర్‌గ్లైడ్‌లో జనరల్ మోటార్స్ పోసిన లోహం ఒక్క గ్రాము లేకపోవచ్చు. పేరు, అమరిక మాత్రమే మిగిలాయి. విడిభాగాలు నిరంతరం దొరకడం ఎంపికలో చిన్న విషయం కాదు.

4. టార్క్ కన్వర్టర్:

కన్వర్టరు మూల సూత్రం జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగర్‌ది. 20వ శతాబ్ది ఆరంభంలో ఓడల కోసం ఆయన దానిని రూపొందించారు. ఇంజనుతో తిరిగే పంపు నూనెను విసురుతుంది. ఆ నూనె టర్బైన్‌ను తిప్పుతుంది. తిరిగివచ్చే నూనెను స్టేటరు మళ్ళించి పంపుకు సాయపడేలా చేస్తుంది. టర్బైన్ ఆగి ఉన్నప్పుడు ఇంజను పూర్తి శక్తితో ఎంత ఆర్‌పీఎం వరకు వెళ్ళగలదో అది స్టాల్ వేగం.

స్టాల్ వేగం కన్వర్టరుకు స్థిరమైన గుణమన్నది విస్తృతంగా ఉన్న అపోహ. పెట్టెపై ముద్రించిన ‘4,000’ అన్న అంకెను చూసి కొని, తన కారులో 4,500 చూపిస్తే తయారీదారును నిందించేవారున్నారు. ఇచ్చిన కన్వర్టరు పీల్చుకునే టార్కు ఆర్‌పీఎం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే స్టాల్ వేగం ఇంజను టార్కు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 400 న్యూటన్-మీటర్ల ఇంజను వెనుక 4,000 చూపిన కన్వర్టరు, 500 న్యూటన్-మీటర్ల ఇంజను వెనుక సుమారు 4,470 చూపుతుంది. తప్పు కన్వర్టరుది కాదు.

ఇదే సూత్రం వాతావరణానికీ వర్తిస్తుంది. కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ సమీపాన 1958 నుంచి 2023 వరకు నడిచిన బాండిమియర్ స్పీడ్‌వే సముద్రమట్టానికి సుమారు 5,800 అడుగుల ఎత్తున ఉండేది. ఆ ఎత్తులో ప్రామాణిక గాలి సాంద్రత సముద్రమట్టంకంటె 16 శాతం దాకా తక్కువ. టర్బో గాని సూపర్‌చార్జరు గాని లేని ఇంజను టార్కు ఆ మేరకు తగ్గితే 4,000 స్టాల్ సుమారు 3,670కి దిగుతుంది. మైదానంలో చక్కగా కుదిరిన కారు కొండమీద మందకొడిగా బయలుదేరడానికి ఇంజనుతోపాటు కన్వర్టరు కూడా కారణమని దీన్నిబట్టి తెలుస్తుంది.

వ్యాసం ప్రభావం మరీ తీవ్రమైనది. రెక్కల ఆకృతి ఒకటే అయితే పీల్చుకునే టార్కు వ్యాసం ఐదవ ఘాతాన్ని అనుసరిస్తుంది. 10 అంగుళాల కన్వర్టరుతో పోలిస్తే 8 అంగుళాలది అదే ఆర్‌పీఎం వద్ద మూడోవంతు టార్కునే పట్టగలదు. దాని స్టాల్ వేగం సుమారు 1.75 రెట్లు పెరుగుతుంది. అందుకే తయారీదారుకు కారు బరువు, ఇరుసు నిష్పత్తి, టైరు వ్యాసం, వీలైతే డైనమోమీటరుపై తీసిన టార్కు రేఖ పంపడం ఉత్తమం. ‘నాకు ఐదువేల స్టాల్ కావాలి’ అన్న ఒక్క వాక్యంతో మంచి కన్వర్టరు రాదు.

కన్వర్టరు కుదిరిందా లేదా అన్నది గీత వద్ద తెలుస్తుంది. మన ఉదాహరణ కారు గంటకు 130 మైళ్ళతో గీత దాటిందనుకుందాం. 28 అంగుళాల టైరు చుట్టుకొలత 2.23 మీటర్లు. 4.10 ఇరుసుతో ప్రొపెల్లర్ షాఫ్ట్ నిమిషానికి సుమారు 6,400 చుట్లు తిరగాలి. ఆ క్షణాన ఇంజను 6,900 చూపితే జారుడు 7.3 శాతం. వేగంతో టైరు కొద్దిగా ఉబ్బుతుంది కనుక నిజమైన జారుడు ఇంకొంచెం ఎక్కువే. షాఫ్ట్‌కు సెన్సరు అమర్చి నేరుగా కొలిస్తే ఈ అనుమానం తీరుతుంది. ఈ అంకె పరుగు పరుగుకూ పెరుగుతూ పోతే కన్వర్టరులోనో, పై గేరు క్లచ్‌లోనో అరుగుదల మొదలైందన్నమాట. విప్పి చూడకుండానే రోగం పట్టించే ఇంతకంటె చౌకైన పరీక్ష లేదు.

5. వాల్వ్ బాడీ, ట్రాన్స్‌బ్రేక్:

వీధి కారులోని వాల్వ్ బాడీ ప్రయాణికుల సుఖం కోసం నూనె పీడనాన్ని హెచ్చించి తగ్గిస్తూ గేర్లను మెత్తగా మారుస్తుంది. ఆ మెత్తదనమంటే క్లచ్ కొంతసేపు జారడమే. రేసు వాల్వ్ బాడీ పీడనాన్ని ఎల్లప్పుడూ అధికంగా ఉంచి, చోదకుడు మీట కదిపినప్పుడే గేరు మారుస్తుంది. కుదుపు పెరుగుతుంది, క్లచ్ ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ట్రాన్స్‌బ్రేక్ మొదటి గేరునూ రివర్స్‌నూ ఏకకాలంలో పట్టిస్తుంది. పవర్‌గ్లైడ్‌లో లో బ్యాండు, రివర్స్ క్లచ్ రెండూ బిగిసిపోయి గ్రహచక్రాలన్నీ స్తంభిస్తాయి. మీట వదలగానే సొలినాయిడ్ రివర్స్ క్లచ్‌లోని నూనెను విడిచిపెడుతుంది, కారు దూకుతుంది. ఆ నూనె ఎంత త్వరగా, ప్రతిసారీ ఒకేలా ఖాళీ అవుతుందన్న దానిపై చోదకుని స్పందన కాలం ఆధారపడుతుంది. సొలినాయిడ్‌కు అందే వోల్టేజీ, నూనె ఉష్ణోగ్రత మారితే ఆ కాలమూ మారుతుంది. అందుకే చోదకుడు తన స్పందన బాగాలేదని బాధపడే ముందు బ్యాటరీ చూడాలి. 2018లో డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో, ఫ్యాక్టరీ అమర్చిన ట్రాన్స్‌బ్రేక్‌తో వచ్చింది. రేసు పరికరం అమ్మకపు కారులోకి చేరడానికి అదొక గుర్తు.

6. వేడి, నూనె, పరిశీలన:

ట్రాన్స్‌మిషన్‌ను చంపేవాటిలో మొదటిది వేడి. ట్రాన్స్‌బ్రేక్‌పై కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను శక్తి అంతా కన్వర్టరులోని నూనెను మరిగించడానికే పోతుంది. 4,500 ఆర్‌పీఎం వద్ద 600 న్యూటన్-మీటర్లంటే సుమారు 283 కిలోవాట్లు. రెండు సెకన్లు అలా నిలిపితే 565 కిలోజౌళ్ళు. కన్వర్టరులో నాలుగు కిలోల నూనె, పది కిలోల ఉక్కు ఉన్నాయనుకుంటే ఉష్ణోగ్రత ఇంచుమించు 45 సెల్సియస్ డిగ్రీలు పెరుగుతుంది. రెండు సెకన్లలోనే ఇంత. ఎదుటి కారు గీత వద్దకు రావడానికి తాత్సారం చేస్తుంటే పూర్తి శక్తితో మీట పట్టుకొని కూర్చోవడం ఎంత హానికరమో ఈ లెక్క చెబుతుంది.

దీనికి మంచి విరుగుడు ఆర్‌పీఎం పరిమితి. పీల్చుకునే టార్కు ఆర్‌పీఎం వర్గాన్ని, కనుక శక్తి దాని ఘనాన్ని అనుసరిస్తుంది. స్టాల్ 4,500 అయినచోట 3,600 వద్ద నిలిపితే పుట్టే వేడి దాదాపు సగానికి తగ్గుతుంది. బయలుదేరే తీవ్రతలో కొంత పోతుంది కాని, ప్రతిసారీ ఒకేలా బయలుదేరడం సాధ్యమవుతుంది. బ్రాకెట్ రేసులో ఈ బేరం లాభసాటిదే. గీత దాటేటప్పుడు కూడా 7.3 శాతం జారుడంటే 27 కిలోవాట్ల వేడి పుడుతున్నదని మరవరాదు.

నూనె 80 డిగ్రీల ప్రాంతంలో ఉంటే చాలాకాలం మన్నుతుంది. అంతకుమించి వేడెక్కేకొద్దీ దాని ఆయుష్షు వేగంగా క్షీణిస్తుంది. రేసుకు మాత్రం అంకెకంటె స్థిరత్వం ముఖ్యం. చల్లని నూనెతో ఒక పరుగు, మరిగిన నూనెతో మరొకటి తీస్తే వాటి కాలాలను పోల్చడంలో అర్థం లేదు. రేడియేటరుతో సంబంధం లేని ప్రత్యేక కూలరు, దానికి ఫ్యాను, కన్వర్టరు నుంచి వచ్చే నూనె దారిలో ఉష్ణోగ్రత మీటరు ఉంటే, ప్రతి పరుగుకూ ముందు ఒకే ఉష్ణోగ్రతకు చేర్చుకోవచ్చు. ఒక చిన్న హెచ్చరిక: పాత టార్క్‌ఫ్లైట్‌లలో మీట పార్క్‌లో ఉంటే కన్వర్టరుకు నూనె అందదు. వాటిని న్యూట్రల్‌లోనే వేడిచేయాలి.

రేసు చోదకులలో ఫోర్డ్ టైప్ ఎఫ్ నూనెపై మక్కువ ఎక్కువ. డెక్స్‌రాన్ వంటి నూనెలలో క్లచ్ మెత్తగా పట్టడానికి కలిపే రసాయనాలు అందులో ఉండవు కనుక పట్టు గట్టిగా ఉంటుంది. అయితే రేసు వాల్వ్ బాడీ ఇచ్చే అధిక పీడనం ముందు ఈ తేడా ప్రభావం స్వల్పమేనని చెప్పవచ్చు. ట్రాన్స్‌మిషన్ నిర్మించినవారు సూచించిన నూనెనే వాడడం, రకాలను కలపకపోవడం, తరచుగా మార్చడం వాదప్రతివాదాలకంటె ఎక్కువ మేలు చేస్తాయి.

అడుగు పళ్ళెం విప్పినప్పుడు కనిపించేది చదవడం నేర్చుకోవాలి. సన్నని నల్లని మసి కొద్దిగా ఉండడం సహజం. అది క్లచ్ పూత అరుగుదల. మసి చిక్కబడి, నూనె గోధుమరంగుకు మారి మాడువాసన వేస్తే క్లచ్ కాలింది. ఇత్తడి రంగు మెరుపులు బుషింగులవి. అల్యూమినియం పొడి పెట్టెదో పంపుదో కావచ్చు. ఉక్కు చీలికలు కనబడితే ఆ రోజు రేసు అక్కడితో ఆపాలి. బేరింగో గేరు పన్నో విరుగుతున్నది. పాలవంటి గులాబీరంగు వస్తే నూనెలో నీరు చేరింది. నీరు క్లచ్ పూతను ఊడదీస్తుంది కాబట్టి నూనె మార్చినంతమాత్రాన అది బాగుపడదు. ట్రాన్స్‌మిషన్ ఒకసారి దెబ్బతింటే కన్వర్టరును, కూలరును అలాగే వాడడం పెద్ద పొరపాటు. కన్వర్టరు మూసిన పాత్ర. అందులోని లోహపు రజను బయటనుంచి కడిగితే పోదు. దాన్ని కోసి, శుభ్రంచేసి, మళ్ళీ అతకగలవారికి పంపాలి.

తిరిగి బిగించేటప్పుడు కన్వర్టరు పంపులోకి పూర్తిగా దిగిందో లేదో చూడాలి. పెట్టెను ఇంజనుకు బిగించిన తరువాత, ఫ్లెక్స్‌ప్లేటుకు బిగించకముందు, కన్వర్టరు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లలోపు ముందుకు జరగాలి. అసలు జరగకపోతే పంపును నొక్కి పగలగొడుతుంది. మరీ ఎక్కువ జరిగితే పంపు గేరులో దాని పట్టు చాలదు. పది నిమిషాలు పట్టే ఈ కొలతను వదిలేసి ఇంజను ఆన్ చేయగానే పంపు పోగొట్టుకోవడం అరుదైన విషయమేమీ కాదు.

7. డ్రమ్ము పగిలే చోటు:

ఇక నిష్పత్తులు చెప్పే రెండవ కథ. టార్క్‌ఫ్లైట్ 727లో రెండు గ్రహచక్ర కూటములకు ఒకే సన్ గేరు. మొదటి గేరులో ఇంజను ముందరి రింగ్ గేరును తిప్పుతుంది. ముందరి క్యారియరు, వెనుక రింగ్ గేరు రెండూ అవుట్‌పుట్ షాఫ్ట్‌కు కట్టుబడి ఉంటాయి. వెనుక క్యారియరు వెనక్కి తిరగకుండా ఒక ఏకదిశా క్లచ్ ఆపుతుంది. సన్ గేరుకు జోడించిన ముందరి క్లచ్ డ్రమ్ము అప్పుడు ఇంజనుకు ఎదురుదిశలో, ఇంజను వేగంలో 0.9 వంతుతో తిరుగుతుంది. ఇంతవరకు క్షేమం.

టైర్లు నీళ్ళలో గిర్రున తిరిగి పొడినేలను పట్టినప్పుడు, లేదా ఇరుసు విరిగినప్పుడు పడే దెబ్బకు ఆ ఏకదిశా క్లచ్ విరిగిందనుకుందాం. కారు బరువు అవుట్‌పుట్‌ను కదలనీయదు. రింగ్ గేరు తిరుగుతూనే ఉంటుంది. పట్టుకొనేది ఏదీ లేని సన్ గేరు ఇప్పుడు రింగ్ గేరు, సన్ గేరు పళ్ళ నిష్పత్తితో వెనక్కి తిరగాలి. రెండవ గేరు 1.45 అంటే ఆ నిష్పత్తి 0.45కు విలోమం, అనగా 2.22. ఇంజను 6,000 వద్ద ఉంటే డ్రమ్ము 13,300 చుట్లు! అపకేంద్ర బలం వేగ వర్గాన్ని అనుసరిస్తుంది కనుక అదే ఇంజను వేగం వద్ద సాధారణ స్థితితో పోలిస్తే డ్రమ్ముపై ఒత్తిడి ఆరు రెట్లు. ఫ్యాక్టరీ డ్రమ్మును ఆ వేగానికి రూపొందించలేదు. అది పగిలి, అల్యూమినియం పెట్టెను చీల్చుకొని వస్తుంది. టర్బో 400కు ఇదే లెక్క 2.08 రెట్లు చూపుతుంది.

దీన్నిబట్టి కొన్ని జాగ్రత్తలు వాటంతట అవే తేలుతాయి. మొదటి గేరులో వెనుక బ్యాండును కూడా బిగించే వాల్వ్ బాడీని ఎంచుకోవాలి. అప్పుడు ఏకదిశా క్లచ్ ఒంటరిగా భారం మోయదు. టైర్లను వేడిచేసే బర్నవుట్‌ను మొదటి గేరులోనే సాగించకుండా పై గేరుకు మార్చాలి. చక్రాలు తిరుగుతుండగా మొదటి గేరులో యాక్సిలరేటరును ఒక్కసారిగా వదలకూడదు. శక్తి పెరిగిన కారులో ఉక్కు దిమ్మె నుంచి చెక్కిన డ్రమ్మును, బోల్టులతో బిగించిన బలమైన ఏకదిశా క్లచ్‌ను వాడాలి.

పవర్‌గ్లైడ్‌లో మొదటి గేరును బ్యాండే పట్టుకుంటుంది కనుక ఈ ప్రమాదం లేదు. దాని ప్రమాదం గీతకు అవతల ఉంది. గీత దాటగానే మీటను న్యూట్రల్‌కు లాగే అలవాటు కొందరికుంది. ఇంజనుకు విశ్రాంతి ఇస్తున్నామని వారి ఉద్దేశం. మొదటి గేరు 1.76 అయిన ఈ కూటమిలో, అవుట్‌పుట్ కంటె ఇన్‌పుట్ ఎంత వెనుకబడితే డ్రమ్ము అంతకు 1.32 రెట్లు అవుట్‌పుట్‌ను మించి పోతుంది. మన కారు గీత వద్ద ఉన్నప్పుడు అవుట్‌పుట్ 6,400. న్యూట్రల్‌లో ఇంజనుతోపాటు ఇన్‌పుట్ 1,000కి పడితే తేడా 5,400. దానికి 1.32 రెట్లంటే 7,100. డ్రమ్ము వేగం 13,500! పై గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇన్‌పుట్, డ్రమ్ము, అవుట్‌పుట్ మూడూ కలిసే తిరుగుతూ 6,400 నుంచి కారుతోపాటు నెమ్మదిగా దిగుతాయి. కారు బాగా నెమ్మదించాకే న్యూట్రల్‌కు మార్చాలి.

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమావళి నిర్ణీత వేగం దాటిన కార్లకు ఎస్‌ఎఫ్‌ఐ 4.1 ప్రమాణానికి తగిన ట్రాన్స్‌మిషన్ కవచాన్ని, ఎస్‌ఎఫ్‌ఐ 29.1 ప్రమాణపు ఫ్లెక్స్‌ప్లేటును కోరుతుంది. మీట పొరపాటున రివర్స్‌లో పడకుండా అడ్డుకునే తాళం, న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో తప్ప ఇంజను ఆన్ కాకుండా చూసే స్విచ్ తప్పనిసరి. తనిఖీ అధికారి ముద్ర కోసం పెట్టుకునే అలంకారాలుగా కవచాలను చూసేవారున్నారు. వంగే రకం కవచం నూనెలో నానినా, పట్టీలు చీలినా దాని బలం తగ్గుతుంది. దానిపైనున్న తేదీని, పట్టీల కుట్లను, పెట్టెకు ఎంత బిగువుగా చుట్టుకున్నదో చూడడం రేసు రోజు ఉదయం చేయవలసిన మొదటి పని. ఇంజను మూత ఎత్తడం ఆ తరువాతే.